చీరల షాపులో లైట్లు ఎలా అమర్చాలి: కొలతలు, రంగులు, ఎక్కడ దెబ్బతింటారు

చీర నచ్చింది, ధరా కుదిరింది. అయినా బిల్లు కొట్టించే ముందు ఆ చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్తారు. "ఒకసారి బయట వెలుతురులో చూస్తానండీ" అంటారు. లోపల వంగపండు రంగులో మెరిసిన పట్టు గుమ్మం దగ్గర మెరూన్‌లా తేలిందంటే బేరం మళ్లీ మొదటికొస్తుంది. లైట్లు సరిగ్గా పెట్టిన షాపులో గుమ్మం దాకా వెళ్లడం ఆగదు, అది మనవాళ్ల అలవాటు. కానీ వెళ్లినవాళ్లు అదే చీరతో తిరిగొచ్చి బిల్లు వేయించుకుంటారు.

రెండో సంగతి. అంతటా ఒకే మోతాదులో వెలుతురు గుమ్మరిస్తే షాపు పరీక్ష హాల్లా ఉంటుంది. కన్ను వెలుతురు ఎక్కువున్న చోటికి తనంతట తనే పోతుంది. అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఎక్కడా ఆగదు. షాపుకు ఒక వాతావరణం వచ్చేది ఈ హెచ్చుతగ్గుల వల్లే. కాబట్టి ఎన్ని లైట్లు కావాలని అడిగే ముందు, ఎక్కడ తగ్గించొచ్చో చూసుకోండి.

లెక్కల కోసం ఒక మామూలు షాపు అనుకుందాం. వెడల్పు 20 అడుగులు, లోతు 30 అడుగులు, ఫాల్స్ సీలింగ్ ఎత్తు 10 అడుగులు. రెండు పక్కలా అడుగున్నర లోతు రాకులు, అంటే చీరలు పేర్చే అరలు. ఎడమవైపు రాకు ముందు పరుపు, దానిమీద తెల్ల దుప్పటి. కుడివైపు కౌంటరు. ముందు గ్లాసు, దాని వెనక చీర కట్టిన బొమ్మలు రెండు మూడు. వెనక గోడకు నిలువుటద్దం. మీ షాపు కొలతలు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి ఇదే.

1. ముందు గుడ్డ ముక్కలు, తర్వాతే లైట్లు

లైట్ల కొట్టుకు వెళ్లే ముందు మీ సరుకులోంచే జానెడేసి ముక్కలు ఆరు తీసి పెట్టుకోండి: కుంకుమ ఎరుపు, వంగపండు, నెమలికంఠం, నేవీ బ్లూ, నలుపు, మీగడ తెలుపు. వాటికి తోడు ఒక జరీ అంచు ముక్క. ఉదయం పది, పదకొండు గంటల మధ్య, నేరుగా ఎండ పడని నీడపట్టున వీటిని ఒకసారి బాగా చూసి ఫొటో కాకుండా కంటితోనే గుర్తుపెట్టుకోండి. తర్వాత కొనబోయే లైటు కింద ఇవే ముక్కలు పరవండి. నేవీ బ్లూ, నలుపు దేనికది తెలియాలి. ఎరుపు ఇటుక రంగువైపు జారకూడదు. వంగపండులో నీలం చచ్చిపోకూడదు. మీ అరచేతిని కూడా ఆ లైటు కింద పెట్టి చూడండి. చెయ్యి పాలిపోయినట్టు కనిపిస్తే అద్దంలో కొనేవాళ్ల ముఖమూ అలాగే కనిపిస్తుంది.

డబ్బా మీద సీఆర్‌ఐ 80 అని అచ్చేసి ఉంటుంది. వస్తువుల రంగును లైటు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది, వందకి. అయితే అది ఎనిమిది లేత రంగుల సగటు. ఆ ఎనిమిదిలో ముదురు ఎరుపు లేదు. దానికి ఆర్9 అని విడిగా ఒక అంకె ఉంది. మామూలు 80 సీఆర్‌ఐ ఎల్‌ఈడీలో ఆర్9 సున్నాకు దగ్గర్లో తచ్చాడుతుంది, ఒక్కోసారి సున్నాకంటే కిందకీ పోతుంది. పప్పు ఉప్పు అమ్మే కొట్టుకు దానితో పేచీ లేదు. పెళ్లి పట్టు అంటేనే కుంకుమలూ ఎరుపులూ కాబట్టి చీరల షాపుకు అదే ప్రాణం. సీఆర్‌ఐ 90 పైన, ఆర్9 50 పైన ఉండాలని అడగండి. "అన్నీ హై సీఆర్‌ఐయే సార్" అన్న నోటిమాట చాలదు. కంపెనీ ఇచ్చే వివరాల కాగితం, అంటే డేటాషీటులో ఆ రెండు అంకెలూ చూపించాలి.

మ్యాచింగ్ సెంటర్ వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. చీరకూ జాకెట్టు ముక్కకూ వాడే అద్దకపు రంగులు ఒకటే కావు. రెండూ ఒక లైటు కింద అచ్చుగుద్దినట్టు కలిసి, ఇంకో లైటు కింద దేని దారి దానిదై విడిపోవచ్చు. ఇంటికెళ్లాక "కలవలేదండీ" అంటూ తిరిగొచ్చే ముక్కల్లో చాలావాటికి ఇదే కారణం.

తెల్ల పంచెలు, తెల్ల షర్టింగు అమ్మేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. తెల్లగుడ్డకు మిల్లులో కలిపే తెలుపు మందు ఎండలోని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలంగా వెలిగిస్తుంది. అందుకే ఎండలో పంచె కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. మామూలు ఎల్‌ఈడీలో ఆ కాంతి దాదాపు ఉండదు. పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్ లైటు కింద పెడితే కొత్త పంచె కూడా నాలుగుసార్లు ఉతికినట్టు పసుపుగా కనిపిస్తుంది. లైటు ఛాయను కెల్విన్‌లో చెబుతారు: అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం కలిసిన తెలుపు. పంచెల అరకు 4000 కెల్విన్ కంటే తగ్గకండి.

2. రంగు ఛాయలు రెండే పెట్టుకోండి

మన ఊళ్లలో షాపు అంటే 6500 కెల్విన్ తెల్ల లైటు అన్న అలవాటు ట్యూబ్‌లైట్ల నాటి నుంచి వచ్చింది. దాని కింద షాపు దూరం నుంచి తళతళలాడుతుంది, నిజమే. కానీ జరీ ఆకుపచ్చ కలిసిన బంగారంలా కనిపిస్తుంది, ముఖాలు వాడిపోతాయి. మరో చివర 2700 కెల్విన్ హోటల్ లైటు పెడితే మామిడిపండు రంగూ, పసుపూ, మీగడ తెలుపూ ఒకదాన్నొకటి పోలిపోతాయి.

షాపంతటికీ 4000 కెల్విన్ పెట్టండి. బొమ్మలకూ జరీ చీరలకూ వేసే స్పాట్‌లైట్లు మాత్రం 3000 కెల్విన్. ఈ రెండు ఛాయలే, మూడోది వద్దు. బంగారం కొట్లలోనూ ఇదే పద్ధతి: బంగారు నగల మీద 3000, వజ్రాలూ వెండీ ఉన్నచోట 4000 పైన.

స్విచ్చి ఆపి వేస్తే రంగు మారే త్రీ ఇన్ వన్ లైట్లు అమ్మజూపుతారు. ఇంటికైతే సరదాగా ఉంటాయి. షాపులో కరెంటు రెప్పపాటు పోయి వచ్చిందంటే కొన్ని తెలుపులోకి, కొన్ని పసుపులోకి దూకుతాయి. సీలింగ్ పొడవునా చిరుతపులి మచ్చలు.

లైట్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్ నంబరువి కొనండి. డేటాషీటులో ఎస్‌డీసీఎం (లైటుకూ లైటుకూ ఛాయలో తేడా చెప్పే అంకె) 3 లేదా అంతకంటే తక్కువ అని ఉంటే పక్కపక్క లైట్ల ఛాయలో తేడా కంటికి దొరకదు. పదింటికి ఒకటి చొప్పున అదే బ్యాచ్‌లోంచి అదనంగా తీసి దాచిపెట్టండి. రెండేళ్ల తర్వాత అదే మోడల్ కొన్నా ఛాయ తేడా వచ్చే అవకాశం ఉంది.

3. ఎంత వెలుతురు కావాలో లెక్క కట్టండి

వెలుతురును లక్స్‌లో కొలుస్తారు: లైటు ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత ల్యూమెన్; ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. యూరప్ ప్రమాణం దుకాణంలో అమ్మకాల చోటుకు 300, క్యాష్ కౌంటరుకు 500 లక్స్ చెబుతుంది. మన షాపులకూ పునాదిగా 300 చాలు. "మరీ తక్కువ కదా" అనిపిస్తుంది. పునాది 300 ఉంటేనే బొమ్మ మీద 1500 వేసినప్పుడు ఐదింతల తేడా వస్తుంది. పునాదే 1000 పెట్టుకుంటే బొమ్మ మీద అదే తేడా రావడానికి 5000 కావాలి; కరెంటు బిల్లు, ఏసీ బిల్లు రెండూ కదులుతాయి.

600 చదరపు అడుగులంటే సుమారు 56 చదరపు మీటర్లు. 56 × 300 = 16,800 ల్యూమెన్లు. ఇందులో గోడలు, రాకులు మింగేది కొంత, దుమ్ము వల్ల తగ్గేది కొంత. లైటు నుంచి వచ్చినదాంట్లో పనికొచ్చేది 0.7 అనీ, దుమ్ము పట్టాక మిగిలేది అందులో 0.8 అనీ వేసుకోండి. 16,800 ను 0.56 తో భాగిస్తే 30,000 ల్యూమెన్లు. ముదురు టేకు రంగు రాకులూ, ముదురు గోడలూ ఉంటే 0.7 బదులు 0.5 వేసుకోవాలి, అంటే లైట్లు ఎక్కువ కొనాలి. రంగులు వేయించే ముందే ఈ లెక్క చూసుకుంటే సీలింగ్‌కు తెల్ల మ్యాట్ పెయింటు ఎందుకు వేయమంటారో అర్థమవుతుంది.

లైటు కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి. సీలింగ్‌లో బిగించి కిందికి వెలిగే డౌన్‌లైటు మంచిదైతే 15 వాట్లకు 1,500 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. నాసిరకం 15 వాట్లది వెయ్యి కూడా ఇవ్వకపోవచ్చు. బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యేది, ఉందో లేదో కూడా చూడండి.

ఈ 30,000 ను రెండు భాగాలు చేస్తాం. నడిమి నడకదారి మీద రెండు వరుసలు, వరుసకు ఐదు చొప్పున 15 వాట్ల డౌన్‌లైట్లు పది, ఆరు అడుగులకొకటి. మిగతాది రాకుల మీదకి. డౌన్‌లైటులో బల్బు భాగం లోపలికి లోతుగా కూర్చున్న రకం తీసుకోండి. పైకి ఉబికి తెల్లగా వెలిగే ప్యానెల్ లైట్లయితే పరుపు మీద కూర్చున్నవాళ్లు తలెత్తినప్పుడల్లా కళ్లలో పడతాయి.

4. రాకులు: నిలువు వెలుతురు

షాపులోకి అడుగుపెట్టగానే కనిపించేది నేల కాదు, రాకుల ముఖం. సీలింగ్ నుంచి నేరుగా కిందికి పడే వెలుతురు నేలను వెలిగించి రాకులను వదిలేస్తుంది. అప్పుడు లక్స్ మీటరు అంకె బాగానే ఉన్నా షాపు ఇరుగ్గా, చీకటిగా అనిపిస్తుంది.

రాకు ముఖానికి 3 అడుగుల దూరంలో సీలింగ్‌లో, తల వంచగలిగే 12 వాట్ల లైట్లు మూడడుగులకొకటి పెట్టండి. 24 అడుగుల రాకుకు ఎనిమిది, రెండు పక్కలకూ పదహారు. లైటుకూ లైటుకూ మధ్య దూరం, రాకు నుంచి లైటు దూరాన్ని మించకూడదు. మించితే చీరల మీద వెలుతురు గుమ్మటాల్లా పడి, మధ్యమధ్య నల్లటి త్రికోణాలు మిగులుతాయి. రాకుకు అడుగు దూరంలోనే లైటు పెట్టడం సీలింగ్ మేస్త్రీలు తరచూ చేసే పని. అప్పుడు పై అర మండిపోతుంది, కింది మూడు అరలూ చీకటి.

ఇక్కడ ఒక చిన్న కొలత చూడండి. 10 అడుగుల ఎత్తులో, 3 అడుగుల దూరంలో ఉన్న లైటు నుంచి వెలుతురు అన్నిటికన్నా కింది అర దగ్గరికి వచ్చేసరికి దాదాపు నిలువుగా పడుతుంది: ఒక అంగుళం లోపలికి వెళ్లేలోగా మూడు అంగుళాలు కిందికి దిగుతుంది. చీరల మడతలు పై పలక అంచుకంటే 2 అంగుళాలు లోపలికి ఉంటే, ఆ అరలో పైనుంచి 6 అంగుళాల మేర నీడే. అర ఎత్తే 12 అంగుళాలైతే సగం సరుకు చీకట్లో ఉన్నట్టు. కొత్త లైట్లు కొనక్కర్లేదు. చీరలు సర్దే కుర్రాళ్లకు మడతలు పలక అంచుకు సమంగా లాగమని చెబితే సగం సమస్య తీరుతుంది.

అయినా చాలకపోతే అరల కింద స్ట్రిప్ లైటు. 24 వోల్టులది, మీటరుకు 9.6 వాట్లది తీసుకోండి. పలక ముందు అంచుకు, లోపలివైపు చూసేలా, అల్యూమినియం ప్రొఫైల్‌లో, తెల్ల మూతతో. వెనక మూలలో అంటిస్తే చీరల వెనక గోడ వెలుగుతుంది, ముఖం నల్లబడుతుంది. 12 వోల్టుల స్ట్రిప్పును ఒకే చివర నుంచి 5 మీటర్లు మించి లాగితే దూరపు చివర మసకబారుతుంది. పొడవు ఎక్కువైతే రెండో చివర నుంచి కూడా కరెంటు ఇవ్వాలి. 10 మీటర్ల స్ట్రిప్పు అంటే 96 వాట్లు, దానికి కరెంటు అందించే డబ్బా, అంటే డ్రైవర్, 100 వాట్లది సరిపోతుందనుకోవద్దు, 120 పెట్టండి. నిండా లోడుతో నడిచే డ్రైవర్ మన ఎండాకాలానికి నిలవదు. ఆ డ్రైవర్‌ను చీరల వెనక దోపకండి, గాలి ఆడే చోట పెట్టండి.

5. పరుపు: అమ్మకం జరిగేది ఇక్కడే

అమ్మే అతను రాకుకు వీపు పెట్టి కూర్చుంటాడు, కొనేవాళ్లు ఎదురుగా. చీర ఆ ఇద్దరి మధ్య పరుచుకుంటుంది. కొనేవాళ్ల వెనక లైటు ఉంటే వాళ్ల తలల నీడ చీర మీద పడుతుంది. అమ్మే అతని వెనక నుంచి వస్తే వాళ్ల కళ్లలో పడుతుంది. చీర పరిచే గీతకు సరిగ్గా పైన వరుసగా పెట్టండి: 18 అడుగుల పరుపుకు ఆరు, మూడడుగులకొకటి, 18 వాట్లు, 36 డిగ్రీల వెలుతురు కోణం. సీలింగ్ నుంచి పరుపు దాకా 9 అడుగుల దూరానికి ఒక్కోటి దాదాపు 6 అడుగుల వెడల్పు గుండ్రం చేస్తుంది. గుండ్రాలు సగం సగం ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి ఒక్క తల నీడ కూడా గట్టిగా పడదు. పునాది వెలుతురుతో కలిపి ఇక్కడ 800 లక్స్ దాకా వస్తుంది.

తెల్ల దుప్పటి తీసేసి ముదురు కార్పెట్ వేయిద్దామని ఇంటీరియర్ వాళ్లు సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. ఆ దుప్పటి వెలుతురును కిందినుంచి ముఖాల మీదకి ఎగదోస్తుంది. చీర భుజాన వేసి చూపించినప్పుడు కళ్ల కింద నీడలు లేకుండా చేసేది అదే. మాసిన దుప్పటి ఆ పని సగమే చేస్తుంది.

6. పట్టు, జరీ, బొమ్మలు

జరీ మెరవాలంటే వెలుతురు ఒక చుక్కలోంచి రావాలి. పెద్ద ప్యానెల్ నుంచి పరుచుకుని వచ్చే వెలుతురులో జరీ పసుపు దారంలా చదునుగా ఉంటుంది. నిలువు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన పట్టుకు కూడా అంతే: పక్కనుంచి లైటు పడితేనే మడత తిరిగిన చోట రెండో రంగు బయటికొస్తుంది. ధర్మవరం, గద్వాల చీరల కొంగును పక్క స్పాట్‌లైటు కింద కొద్దిగా కదిలించి చూడండి, తేడా తెలిసిపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు మాత్రం పరుచుకున్న సమ వెలుతురే బాగుంటుంది. దాని అందం డిజైన్‌లో ఉంది, నీడలు పడితే గీతలు చెదురుతాయి. ఉప్పాడ జాందానీని గోడకు ఆనించకుండా వేలాడదీసి వెనకనుంచి కొద్దిగా వెలుతురు ఇస్తే బుటాలు గాల్లో తేలినట్టుంటాయి.

బొమ్మకు స్పాట్‌లైటు 24 డిగ్రీలది, 20 వాట్లు. నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడాలి. దూరం లెక్క తేలిక: సీలింగ్ ఎత్తులోంచి బొమ్మ ఛాతీ ఎత్తు తీసేసి 0.58 తో గుణించండి. 10 లోంచి 4.5 తీసేస్తే 5.5, గుణిస్తే 3.2 అడుగులు. బొమ్మకు అంత ముందుగా లైటు ఉండాలి. నెత్తిమీదే పెడితే చీర కుచ్చిళ్లు నల్లటి చారల్లా పడతాయి. మరీ దూరం జరిపితే దారిన వెళ్లేవాళ్ల కళ్లలో పడుతుంది, వాళ్ల నీడ బొమ్మ మీద పడుతుంది.

ఎంత పడుతుందో ముందే తెలుసుకోవచ్చు. డేటాషీటులో క్యాండెలా అంకె ఉంటుంది, లైటు ఒక దిక్కుకు ఎంత గట్టిగా వెలుగు పంపుతుందో చెప్పేది; దాన్ని మీటర్లలో దూరం వర్గంతో భాగించండి. 6,000 క్యాండెలా లైటు 2 మీటర్లలో 1,500 లక్స్. అదే 3 మీటర్లకు పోతే 670కి దిగుతుంది. ఎత్తైన సీలింగ్ షాపుల్లో "స్పాట్లు వేశాం, అయినా పేలవంగా ఉంది" అన్న ఫిర్యాదుకు ఇదే మూలం. వాట్లు పెంచే బదులు కోణం 15 డిగ్రీలకు తగ్గించి చూడండి.

ఒక్కో బొమ్మకు రెండు లైట్లు వేసి, రెంటినీ సమంగా వదలకండి. ఒక పక్కనుంచి గట్టిగా, రెండో పక్కనుంచి అందులో మూడోవంతు. సమంగా పడితే చీర ఒంటికి అంటించిన కాగితంలా ఉంటుంది. షాపు లోపల ఇలా వెలిగే చోట్లు మూడు, నాలుగు చాలు. ఒకటి తప్పనిసరిగా వెనక గోడ దగ్గర ఉండాలి; చివర్న వెలుగు కనిపిస్తే జనం లోపలి దాకా నడుస్తారు. రెండు మూడంతస్తుల షాపింగ్ మాళ్లలో మెట్లు ఎక్కిన చోట గోడను బాగా వెలిగించడం కూడా ఇందుకే. పై అంతస్తులో పట్టు విభాగం పెట్టుకున్నవాళ్లు అక్కడ పునాది వెలుతురు కాస్త తగ్గించి స్పాట్లు పెంచుకోవచ్చు. రోజువారీ చీరల అంతస్తులో అదే పని చేస్తే ధరలు ఎక్కువేమోనని జనం జంకుతారు.

7. ముందు గ్లాసు

మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. దాంతో ఏ లైటూ పోటీ పడలేదు. గ్లాసు అద్దంలా మారి ఎదురు షాపు బోర్డే కనిపిస్తుంది. లైట్లు రెట్టింపు చేయడం దండగ. గ్లాసు పైన మూడు నాలుగడుగుల చూరు దింపండి, బొమ్మల వెనక లేతరంగు పలక పెట్టి దాన్ని వెలిగించండి. గ్లాసు లైట్లకు విడి స్విచ్చి పెట్టుకుని సాయంత్రం ఆరు దాటాక సగానికి తగ్గించండి. రాత్రిపూట పగటి మోతాదులో వెలిగిస్తే పట్టు తెల్లబోతుంది, వెనకున్న షాపు చీకటి గుహలా కనిపిస్తుంది.

గ్లాసులో పెట్టిన చీర రంగు వెలుస్తుంది. ఎంత వెలుతురు, ఎన్ని గంటలు అన్నదాన్ని బట్టి నష్టం పెరుగుతూ పోతుంది. మ్యూజియాల్లో పాత వస్త్రాల మీద 50 లక్స్ మించనివ్వరు. మన బొమ్మ మీద దానికి ముప్పైరెట్లు, పైగా ఎండ. వారానికోసారి చీర మార్చండి. సహజ రంగుల కలంకారీని ఎండ తగిలే గ్లాసులో అసలు పెట్టకండి. మడతపెట్టి వేలాడదీసిన చీర మడత గీత వెంట వెలిస్తే ఆ సరుకు తగ్గింపు బుట్టలోకే.

ఆషాఢం డిస్కౌంటు బ్యానర్లు కట్టేటప్పుడు అవి స్పాట్‌లైట్లకు అడ్డం పడకుండా చూసుకోండి. ఏటా ఇదే తంతు: లైట్ల మీద వేలు ఖర్చు, వాటి ముందు ఫ్లెక్సీ.

8. అద్దం, పగటివెలుగు మూల, లైవ్ వీడియో

అద్దం దగ్గర నెత్తిమీద లైటు ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నల్లటి నీడలు పడతాయి. ముఖం నచ్చకపోతే చీర నచ్చదు. అద్దానికి రెండు పక్కలా నిలువుగా 4 అడుగుల 20 వాట్ల బ్యాటెన్లు (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీలు), తెల్ల మూతవి, మధ్యభాగం నేలకు 5 అడుగుల ఎత్తులో వచ్చేలా బిగించండి. ట్రయల్ రూములోనూ ఇంతే.

పెద్ద మాళ్లలో ఉన్న షాపులకు గుమ్మం బయట కూడా లైట్లే, పగటి వెలుతురు ఉండదు. అక్కడ ఒక మూలను పగటివెలుగు మూలగా పెట్టండి: 5000 కెల్విన్, సీఆర్‌ఐ 95 ప్యానెల్ ఒకటి, వెనక తెల్ల గోడ, కింద చిన్న బల్ల. "బయట చూస్తాను" అన్నవాళ్లను అక్కడికి తీసుకెళ్లండి. ఈ ప్యానెల్ మిగతా షాపులోకి చిందకుండా పక్కన అడ్డు ఉండాలి, లేకపోతే ఛాయలు రెండే అన్న నియమం చెడుతుంది.

ఫోన్‌తో లైవ్ పెట్టి అమ్మేవాళ్లు లైట్లు కొనే ముందు మినుకు చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. చౌక డ్రైవర్ ఉన్న లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, వీడియోలో నల్లటి పట్టీలు దొర్లుతాయి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి వెలుగుతున్న లైటును తీయండి. దపదపలాడితే ఆ లైటు వద్దు. లైవ్‌లో ఎర్ర చీరల్లో నేత కనిపించకుండా రంగు ముద్దలా పడుతుంటే ఫోన్‌లో వెలుతురు కాస్త తగ్గించి, రంగు ఛాయను సరిచూసే వైట్ బ్యాలెన్స్‌ను మారకుండా లాక్ చేయండి. చీర మారినప్పుడల్లా కెమెరా తనే రంగు మార్చేయడం ఆగుతుంది.

9. వైరింగ్

మొత్తం లెక్క: రాకులకు 192 వాట్లు, నడిమి వరుసలు 150, పరుపు 108, స్పాట్లు పది వేసుకుంటే 200, అద్దం 40, క్యాష్ కౌంటరు 24. అరల స్ట్రిప్పులు కాకుండా 714 వాట్లు. పన్నెండు గంటలు నడిస్తే రోజుకు ఎనిమిదిన్నర యూనిట్లు. ఏసీ మీద పడే వేడి టన్నులో అయిదో వంతు.

ఒక లైటింగ్ సర్క్యూట్‌కు పది పాయింట్లు లేదా 800 వాట్లు దాటకూడదన్నది మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన నియమమే, అయినా రాకు లైట్లు పదహారూ ఒకే తీగకు తగిలించేస్తుంటారు. ఎడమ రాకు, కుడి రాకు, నడిమి వరుసలు, పరుపు, స్పాట్లు, గ్లాసు దేనికది విడి స్విచ్చి అడగండి. ఉదయం ఊడ్చేటప్పుడు నడిమి వరుసలు చాలు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సి రకం ఎంసీబీ, షాక్ కొట్టకుండా కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మెయిన్ బోర్డులో కరెంటు పోటును ఆపే సర్జ్ ప్రొటెక్టర్. కరెంటు పోయి వచ్చినప్పుడు కొట్టే పోటుకే ఎక్కువ డ్రైవర్లు పోతాయి. ఇన్వర్టర్ మీద క్యాష్ కౌంటరు, నడిమి వరుసల్లో ఒకటి, గుమ్మం ఉంచండి. అది సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండాలి, చౌక రకం మీద ఎల్‌ఈడీలు ఊగులాడతాయి.

పాత హాలోజెన్ స్పాట్లు ఇంకా ఉంటే తీసేయండి. వాటి వేడికి దగ్గర్లో గుడ్డ ఉండటం ప్రమాదం.

10. తిప్పి సరిచేయడం

బిగించిన రోజే పని అయిపోయిందనుకోకండి. షట్టరు సగం దించి, చీకటి పడ్డాక, సరుకంతా సర్దిన తర్వాత ఒక్కో లైటూ తిప్పాలి. ఇద్దరు కావాలి: ఒకరు నిచ్చెన మీద, ఒకరు కొనేవాళ్లు కూర్చునే చోట, నిలబడి కాదు, కూర్చునే. అక్కడినుంచి ఏ లైటు నేరుగా కళ్లలో పడుతోందో చెప్పాలి. గుమ్మంలో నిలబడి ఒకసారి, అద్దం ముందు ఒకసారి. లక్స్ మీటరు లేకపోతే ఫోన్ యాప్ వాడొచ్చు. దాని అంకె నమ్మదగింది కాదు, కానీ ఒకే ఫోన్‌తో రెండు చోట్లు పోల్చడానికి పనికొస్తుంది. పరుపు మీద ఎంత, నడకదారిలో ఎంత, బొమ్మ మీద ఎంత అని రాసి పెట్టుకోండి.

తర్వాత మళ్లీ ఆ ఆరు గుడ్డ ముక్కలు తీయండి. పరుపు మీద, అద్దం ముందు, కౌంటరు మీద పరిచి చూసి, మర్నాడు ఉదయం పదకొండుకు గుమ్మం బయట నీడలో చూడండి. తేడా కనిపించిన చోట లైటు మార్చాలి, కొట్టువాడు ఏమి చెప్పినా సరే.

ఆ ముక్కల్ని క్యాష్ కౌంటరు సొరుగులో, చీకట్లో ఉంచండి. ఆరు నెలలకోసారి లైట్ల మూతలు పొడిగుడ్డతో తుడిచినప్పుడు, బొమ్మలు చోటు మారినప్పుడు, కాలిపోయిన లైటు బదులు కొత్తది వేసినప్పుడు వాటితో పని పడుతుంది. అదనంగా కొని దాచిన లైట్ల డబ్బా మీద ఏ వరుసవో, ఎన్ని కెల్వినో, బ్యాచ్ నంబరేంటో మార్కరుతో రాయండి. లేకపోతే రేపు కుర్రాడు రాకు లైటు బదులు స్పాట్‌లైటు బిగించేస్తాడు.